మొదటి క్రెడిట్ కార్డు వచ్చి మూడు నెలలు కాలేదు, రెండోదానికి అప్లై చేయొచ్చా?

ప్రశ్న సారాంశం ఇది. ఇల్లు కందుకూరులో, ఉద్యోగం ఒంగోలులో ఒక గ్రానైట్ ఎగుమతుల ఆఫీసులో. చేతికొచ్చే జీతం 34,000. మొదటి కార్డు వచ్చి రెండున్నర నెలలైంది, లిమిట్ 40,000. ఇంటి ఖర్చంతా దానిమీదే పెట్టి నెలకు 30,000 దాకా వాడుతున్నారు, బిల్లు మొత్తం గడువులోపే కట్టేస్తున్నారు. షాపింగ్ మాల్‌లో టేబుల్ వేసుకున్న ఏజెంటు ‘లైఫ్‌టైమ్ ఫ్రీ, లక్ష లిమిట్’ అంటున్నాడు. దాంతోపాటు కొట్లలో స్కాన్ చేసి కార్డుతో కట్టే సౌకర్యం కూడా కావాలి. కందుకూరు బ్యాంకులో ఒక బంగారం లోన్ నడుస్తోంది.

ఇప్పుడు చేయకండి. ఇంకో మూడున్నర నెలలు ఆగి, అంటే మొదటి కార్డుకు ఆరు స్టేట్‌మెంట్లు (నెలనెలా వచ్చే బిల్లులు) పూర్తయ్యాక చేయండి. ఊరికే ఆగితే మాత్రం లాభం లేదు. రెండో బ్యాంకు మీ క్రెడిట్ రిపోర్టు, అంటే మీ అప్పులూ వాటిని కట్టిన తీరూ ఉండే చిట్టా, తెరిచిన రోజున అందులో ఏం కనిపిస్తుందన్నదే లెక్క.

ఈరోజు తెరిస్తే ఏం కనిపిస్తుందో చూడండి. కార్డు ఖాతా ఒక్కటే, వయసు రెండు నెలలు. 40,000 లిమిట్‌లో 30,000 వాడకం, అంటే 75 శాతం. ఈమధ్యే ఒక ఎంక్వైరీ, అంటే మీరు అప్పుకు అప్లై చేస్తే బ్యాంకు రిపోర్టు తెరిచి చూసిన గుర్తు. మీరు బిల్లు మొత్తం కడుతున్న మాట నిజమే, ఆలస్యం లేదన్న సంగతి రిపోర్టులో పడుతుంది కూడా. కానీ రెండు నెలల చరిత్రను ఏ బ్యాంకూ పెద్దగా నమ్మదు. వాళ్ల సిస్టమ్‌కు అర్థమయ్యేది ఇంతే: అప్పు కొత్తగా అలవాటైన మనిషి, ఉన్న లిమిట్ నింపేశాడు, ఇంకా కావాలంటున్నాడు. ఇక్కడ తిరస్కరిస్తే ఆ ఎంక్వైరీ రిపోర్టులో మిగిలిపోతుంది, కార్డు మాత్రం రాదు. చాలా బ్యాంకులు ఒకసారి కాదన్నాక మూడు నుంచి ఆరు నెలలు మళ్లీ తీసుకోవు కాబట్టి, ఇప్పటి తొందర ఆ బ్యాంకు తలుపును అప్పటిదాకా మూసేస్తుంది.

ముందు సరిచేయాల్సింది ఆ 75 శాతాన్ని. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ‘నేను పూర్తిగా కడుతున్నాను కదా’ అంటారు. బ్యాంకులు ఈ రిపోర్టులు తయారుచేసే సిబిల్ లాంటి సంస్థలకు పంపేది ఎక్కువగా స్టేట్‌మెంట్ తయారైన రోజున ఉన్న మొత్తాన్నే. మీరు ఆ తర్వాత గడువులోపు కట్టింది ఆలస్యం లేదని చూపడానికి పనికొస్తుంది, వాడకం శాతాన్ని తగ్గించదు. శాతం తగ్గాలంటే స్టేట్‌మెంట్ రాకముందే కట్టాలి.

ఉదాహరణకు మీ స్టేట్‌మెంట్ 12న వస్తుంది, గడువు మరుసటి నెల 1 అనుకుందాం. 9వ తేదీకల్లా 24,000 కట్టేస్తే 12న వచ్చే స్టేట్‌మెంట్‌లో 6,000 మాత్రమే ఉంటుంది, అంటే 15 శాతం. మిగిలిన 6,000 మామూలుగా గడువులోపు కట్టండి. ఖర్చు అదే, కట్టిన డబ్బూ అదే, రిపోర్టులో కనిపించే మనిషే మారిపోతాడు. 9 అనడానికి కారణం ఉంది: బిల్ పేమెంట్ యాప్‌లో కట్టిన డబ్బు కార్డు ఖాతాలో పడటానికి ఒక్కోసారి ఒకటి రెండు రోజులు పడుతుంది. 11 రాత్రి కడితే అది స్టేట్‌మెంట్ దాటిపోయి, పని జరగదు. 30 శాతం లోపు ఉంటే సరే, 10–15 ఉంటే ఇంకా మేలు.

ఇందులో ఒక చిక్కు ఉంది, ముందే చూసుకోండి. ఈ పద్ధతికి మారే మొదటి నెలలో పాత బిల్లు 30,000 ఒకటో తేదీన కట్టాలి, ఎనిమిది రోజులకే మళ్లీ 24,000 కట్టాలి. 34,000 జీతంలో అది కుదరదు. అందుకని చేతిలో ఉన్న కాస్త పొదుపు కలుపుకుని మెట్లు మెట్లుగా రండి. మొదటి నెల 9న 8,000, రెండో నెల 16,000, మూడో నెల 24,000. ఆ మూడు నెలలూ పాత బిల్లుతో కలిపి నెలకు 38,000 కట్టాల్సి వస్తుంది, జీతానికి చాలని 4,000 పొదుపులోంచి తేవాలి. లేదా ఒక నెల కిరాణా, పెట్రోలు, కరెంటు బిల్లు కార్డుమీద పెట్టకుండా బ్యాంకు ఖాతా నుంచే కట్టండి. ఏది చేసినా, అప్లై చేసే ముందు రెండు స్టేట్‌మెంట్లు తక్కువగా వస్తే చాలు. ఏడాదంతా ఈ తంటా అక్కర్లేదు.

ఇక రిపోర్టు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ఆర్బీఐ నిబంధన ప్రకారం ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. యాప్‌లో కనిపించే స్కోరు అంకె చూసి ఊరుకోకండి, పూర్తి రిపోర్టు డౌన్‌లోడ్ చేసి చదవండి. 2025 జనవరిలో వచ్చిన నిబంధనలో బ్యాంకులు కనీసం పదిహేను రోజులకొకసారి సమాచారం పంపాలని పెట్టారు: 15వ తేదీ నాటిది, నెలాఖరు నాటిది, ఒక్కోటి ఏడు రోజుల్లోపు. ఆ లెక్కన మీ 12వ తేదీ స్టేట్‌మెంట్ 15 నాటి సమాచారంలోకి వస్తే, దాదాపు 22కల్లా చేరుతుంది. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అనుకుని 25 తర్వాత రిపోర్టు తీస్తే కొత్త లెక్క కనిపిస్తుంది. అప్లికేషన్ కూడా ఆ తర్వాతే పెట్టాలి, 20వ తేదీన పెడితే పాత 75 శాతమే వాళ్లకు కనబడొచ్చు.

మీ ప్రశ్నలో ఒక ముక్కలో చెప్పి వదిలేసిన బంగారం లోన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన నెల్లూరు, ప్రకాశం వైపు కార్డు తిరస్కరించారంటే రిపోర్టులో ముందు వెతకాల్సింది దాన్నే. బంగారం మీద అప్పు ఎక్కువగా పన్నెండు నెలల గడువుతో, చివర్లో అసలూ వడ్డీ కలిపి కట్టే పద్ధతిలో ఉంటుంది. గడువు దాటి పది పదిహేను రోజులకు వెళ్లి వడ్డీ కట్టి తిరగరాయించుకోవడం మనవాళ్లకు మామూలు. నగ బ్యాంకులోనే ఉంది కదా, ఏమవుతుంది అనుకుంటారు. నగకు ఏమీ కాదు. కానీ ఆ లోన్ కూడా సిబిల్‌లో ఉంటుంది, గడువు దాటిన రోజుల సంఖ్య ఆ నెల గడిలో పడుతుంది. కార్డు బిల్లు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయని మనిషి, బంగారం లోన్ తిరగరాయడంలో పన్నెండు రోజుల జాప్యం వల్ల రెండో కార్డు పోగొట్టుకోవడం వింతేమీ కాదు. మీ లోన్ కాగితంలో గడువు తేదీ ఈ మూడున్నర నెలల్లో పడుతుందేమో చూడండి. పడితే వారం ముందే బ్యాంకుకు వెళ్లండి. తిరగరాసినప్పుడు పాత ఖాతా మూసి కొత్త ఖాతా తెరుస్తారు కాబట్టి, పాతది రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని, బాకీ సున్నా అని మారిందో లేదో కూడా నెల తర్వాత చూసుకోవాలి.

అదేవిధంగా బావమరిది ట్రాక్టర్ లోన్‌కు హామీ సంతకం పెట్టి ఉంటే అదీ మీ రిపోర్టులో ఉంటుంది. యాప్‌లలో ‘పే లేటర్’ అని 2,000, 3,000 వాడినవి, ఫోన్ ఈఎంఐలు కూడా ఉంటాయి. వాడని పే లేటర్ ఖాతాలు మూసేయించండి.

పేరు, చిరునామా. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి గానీ అప్లికేషన్ మధ్యలో ఆగిపోయేది వీటివల్లే. మనకు ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాన్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు వెనక్కి పోతుంది. పెంచలయ్య, మస్తానయ్య లాంటి పేర్లకు ఇంగ్లీషు స్పెల్లింగ్ ఎన్ని రకాలో చెప్పలేం. పెంచలయ్య అన్న పేరు ఒకచోట ‘ఐఏహెచ్’తో ముగుస్తుంది, ఇంకోచోట ‘వైవైఏ’తో. మస్తానయ్యలో ‘టీ’ పక్కన ‘హెచ్’ ఒకదాంట్లో ఉంటుంది, ఒకదాంట్లో ఉండదు. పాన్ ఒకటే అయినా పేరు, పుట్టినతేదీ తేడా ఉంటే ఒకే మనిషి చరిత్ర రెండు ఫైళ్లుగా విడిపోవచ్చు. అప్పుడు మీ ఆరు నెలల మంచి చరిత్ర ఒక ఫైల్లో, బ్యాంకు చూసేది ఇంకో ఫైల్లో. పాన్‌లో ఉన్న పేరునే మూలంగా పెట్టుకుని ఆధార్, బ్యాంకు ఖాతా దానికి సరిచేయించండి.

కందుకూరు వాళ్లకు ఇంకో తలనొప్పి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరును ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిపారు. ఒకరి ఆధార్‌లో ప్రకాశం, ఇంకొకరి ఆధార్‌లో నెల్లూరు ఉంటుంది, పిన్ కోడ్ 523105 కొట్టగానే అప్లికేషన్ తనంతట తాను ఒక జిల్లా పేరు నింపుతుంది, మీరు చేత్తో ఇంకోటి రాస్తారు. ఆధార్‌లో ఏముంటే అదే ఉంచండి. మొదటి కార్డుకు ఏ చిరునామా ఇచ్చారో రెండోదానికీ అదే ఇవ్వండి. కార్డు కొరియర్ ఒంగోలు ఆఫీసుకు రావాలంటే దాన్ని ఉత్తరాల చిరునామాగా విడిగా ఇవ్వొచ్చు. కొన్ని బ్యాంకులకు సేవలందించే పిన్ కోడ్‌ల జాబితా ఉంటుంది. ఒంగోలు, నెల్లూరు దొరికినంత సులువుగా కనిగిరి, పొదిలి, ఉదయగిరి దొరకవు. అప్లికేషన్ మొదటి పేజీలోనే పిన్ కోడ్ కొట్టి చూస్తే తెలిసిపోతుంది. అక్కడే కాదంటే పాన్ నంబరు దాకా వెళ్లకుండా బయటికొచ్చేయండి, ఎంక్వైరీ పడదు.

మాల్‌లో ఏజెంటు సంగతి. అతనికి డబ్బు వచ్చేది మీకు కార్డు వస్తేనే. అందుకే ఒక బ్యాంకు అని చెప్పి, అవే పాన్, ఆధార్ కాపీలతో రెండు మూడు బ్యాంకులకు పంపేవాళ్లుంటారు. మీకు తెలిసేలోపు వారంలో మూడు ఎంక్వైరీలు. ‘ప్రీ అప్రూవ్డ్’ అన్న మాట విని ఎంక్వైరీ ఉండదనుకోకండి. అర్హత చూసుకోవడం వేరు, అప్లై నొక్కడం వేరు. మొదటిది స్కోరును తాకదు, రెండోది తాకుతుంది. ఎవరైనా మీ రిపోర్టు తెరిస్తే క్రెడిట్ సంస్థ నుంచి మీకు మెసేజ్ లేదా మెయిల్ రావాలని ఆర్బీఐ ఆదేశం ఉంది. అందుకే సిబిల్‌లో మీ ఫోన్ నంబరు, మెయిల్ సరిగా ఉన్నాయో చూసుకోండి. మీరు అడగని బ్యాంకు పేరు వస్తే వెంటనే ఆ బ్యాంకుకూ సిబిల్‌కూ ఫిర్యాదు పెట్టండి. ముప్పై రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. అయినా కదలకపోతే ఆర్బీఐ ఫిర్యాదుల పోర్టల్ ఉంది, ఫోన్ 14448.

‘లైఫ్‌టైమ్ ఫ్రీ’నా, ‘మొదటి ఏడాది ఫ్రీ’నా అన్నది అతని నోటిమాటతో తేల్చుకోకండి. షరతుల కాగితంలో వార్షిక రుసుము గడి చూడండి. 500 అని ఉంటే జీఎస్టీ 18 శాతంతో 590.

స్కాన్ చేసి కట్టడం మీకు అసలు అవసరమైతే దానికి రెండో బ్యాంకు దాకా పోనక్కర్లేదేమో. యూపీఐకి కలిసేది రూపే క్రెడిట్ కార్డు ఒక్కటే, వీసా, మాస్టర్ కార్డులు కలవవు. మీ మొదటి బ్యాంకునే రూపే కార్డు అదనంగా ఇస్తారా అని అడగండి. చాలా బ్యాంకులు అదే లిమిట్‌ను రెండు కార్డులకూ కలిపి ఇస్తాయి, అంటే మొత్తం 40,000 లోపే వాడాలి. కొన్నిచోట్ల కొత్త ఎంక్వైరీ కూడా పడదు, అడిగి తెలుసుకోండి. సంతపేట మార్కెట్‌లోనో, ట్రంక్ రోడ్డు కొట్లలోనో స్వైపింగ్ మిషన్ లేని చోట ఇది నిజంగా పనికొస్తుంది. గుర్తుంచుకోవాల్సింది, కార్డు యూపీఐ వ్యాపారికి మాత్రమే వెళ్తుంది. కొట్టు యజమాని తన సొంత నంబరు స్కానర్ పెట్టుకుని ఉంటే పేమెంట్ ఫెయిలవుతుంది, అది మీ కార్డు తప్పు కాదు.

లిమిట్ చాలకపోవడమే సమస్య అయితే ఆరు నెలల తర్వాత మొదటి బ్యాంకే పెంచుతామని మెసేజ్ పంపే అవకాశం ఎక్కువ. మీ అనుమతి లేకుండా పెంచకూడదు. యాప్‌లోకి వెళ్లి మీరే ఒప్పుకోండి. 40,000 కాస్తా 70,000 అయితే అదే 30,000 ఖర్చు 75 శాతం నుంచి 43 శాతానికి దిగుతుంది, కొత్త ఖాతా లేకుండానే. ‘లిమిట్ పెంచుతాం, ఓటీపీ చెప్పండి’ అనో, ‘ఈ ఫైల్ ఇన్‌స్టాల్ చేయండి’ అనో ఫోన్ వస్తే అది బ్యాంకు కాదు. డబ్బు పోయిందనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

మూడున్నర నెలలు ఆగలేనంత అవసరం ఉంటే ఒక దారి ఉంది: ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) మీద కార్డు. 25,000 ఎఫ్‌డీ వేస్తే సాధారణంగా 75 నుంచి 90 శాతం దాకా లిమిట్ ఇస్తారు, అంటే 18,750 నుంచి 22,500. ఎఫ్‌డీ వడ్డీ మీకు వస్తూనే ఉంటుంది, జీతం కాగితాలు అడగరు, తిరస్కరణ దాదాపు ఉండదు. రిపోర్టులో ఇదీ కార్డుగానే కనిపిస్తుంది. ఎఫ్‌డీని మధ్యలో తీయాలంటే ముందు కార్డు మూసేయాలి, అంతే. జీతం చేతికి నగదుగా తీసుకునే కొట్ల ఉద్యోగులకు, ఆదాయపు పన్ను రిటర్న్ వేయని రొయ్యల చెరువుల రైతులకు నేను మొదటి కార్డుగా కూడా దీన్నే చెబుతాను. చెరువు మీద లక్షలు తిరిగినా కాగితం మీద ఆదాయం చూపలేకపోతే మామూలు కార్డు రావడం కష్టం.

ఆరు స్టేట్‌మెంట్లు అయ్యాక అప్లై చేసేటప్పుడు ఒక్క బ్యాంకుకే చేయండి, వీలైతే మీ జీతం పడే బ్యాంకుకు. మీ ఖాతా లావాదేవీలు వాళ్లకు ముందే కనబడుతుంటాయి. మూడు నెలల జీతం స్లిప్పులు, ఖాతా స్టేట్‌మెంట్ సిద్ధంగా ఉంచండి, రెండింట్లో అంకెలు కలవాలి. స్లిప్పులో 34,000 ఉండి ఖాతాలో 30,000 పడి మిగతాది చేతికిస్తే బ్యాంకు 30,000నే లెక్కేస్తుంది. వీడియో కేవైసీకి, అంటే బ్యాంకు వాళ్లు వీడియో కాల్‌లో మీ గుర్తింపు చూసేటప్పుడు, ఒరిజినల్ పాన్ చేతిలో, తెల్లకాగితం, పెన్ను పక్కన, ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉండాలి. సంతకం పాన్ మీదున్నట్టే పెట్టండి. నడిచే బస్సులో కూర్చుని చేస్తే రద్దవుతుంది.

తిరస్కరిస్తే ముఖ్య కారణం రాతపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత బ్యాంకుది. ‘ఇంటర్నల్ పాలసీ’ అని ఒక ముక్క పంపి ఊరుకుంటే తిరిగి మెయిల్ పెట్టి కారణం అడగండి. అదే వారం ఇంకో బ్యాంకుకు మాత్రం పరిగెత్తకండి.

కార్డు వచ్చింది గానీ రుసుమో, లిమిట్టో చెప్పినట్టు లేదనుకోండి. యాక్టివేట్ చేయకండి, ఓటీపీ ఇవ్వకండి. ముప్పై రోజులు యాక్టివేట్ కాకపోతే బ్యాంకు మీ అనుమతి ఓటీపీతో అడగాలి. మీరు ఒప్పుకోకపోతే ఏడు పనిదినాల్లో రుసుము లేకుండా మూసేయాలి. యాక్టివేట్ కాని కార్డును క్రెడిట్ సంస్థలకు పంపకూడదు కూడా.

నచ్చి ఉంచుకుంటే మొదటి కార్డును మూసేయకండి, మీ చరిత్ర వయసు దానిదే. రెండో కార్డుతో మొదటి దాని బిల్లు కట్టడం, తెలిసిన కొట్టులో రెండు శాతం కమీషనిచ్చి స్వైప్ చేసి నగదు తీసుకోవడం జోలికి పోవద్దు. ఒకే కొట్టులో నెలనెలా గుండ్రటి అంకెలు పడితే బ్యాంకులు పసిగట్టి కార్డు ఆపేస్తాయి. స్నేహితుల కొనుగోళ్లు మీ కార్డుల మీద పెడుతుంటే, ఏడాదిలో ఒక బ్యాంకు కార్డులకు కట్టిన బిల్లులు 10 లక్షలు దాటితే ఆ లెక్క ఆదాయపు పన్ను శాఖకు వెళ్తుందని తెలుసుకోండి. నగదుగా కడితే లక్షకే వెళ్తుంది.

రెండు కార్డులున్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది తేదీల దగ్గర. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కట్టాల్సిన కనీస మొత్తం, కట్టి ఊరుకున్నా చాలా పోతుంది: 20,000 బిల్లుకు 1,000 కడితే మిగతా 19,000 మీద నెలకు 3.5 శాతం చొప్పున 665, దానిమీద జీఎస్టీతో దాదాపు 785. పైగా ఆ తర్వాత కొన్న ప్రతిదానికీ కొన్న రోజు నుంచే వడ్డీ. ఆలస్య రుసుము గడువు దాటి మూడు రోజుల తర్వాతే వేయాలన్న నిబంధన ఉంది గానీ వడ్డీకి ఆ మినహాయింపు లేదు. మొదటి కార్డు స్టేట్‌మెంట్ 12న ఉంటే రెండోదాన్ని 17–20 మధ్యకు మార్పించుకోండి, కనీసం ఒకసారి మార్చుకునే హక్కు మీకుంది. అప్పుడు ఒకదాని గడువు నెల 1కి, రెండోది 8 దగ్గరికి వస్తాయి, రెండూ జీతం పడ్డ వారంలోనే తీరిపోతాయి. రెండింటికీ ఆటో డెబిట్ పెట్టండి, అందులో ‘టోటల్ అమౌంట్ డ్యూ’ ఎంచుకోండి. ముందుగా టిక్ పెట్టి ఉండేది చాలాసార్లు ‘మినిమమ్’ మీద. పెట్టిన నెలలోనే అది పనిచేయకపోవచ్చు, మొదటి బిల్లు చేత్తోనే కట్టండి.